పచ్చి కుండీలు

2023 ఫిబ్రవరి. చిక్కడపల్లిలో ఒక సందు చివర, రేకుల షెడ్డు కింద నేను అప్పటికి సిమెంటు కుండీలు చేసి అమ్ముతున్నాను. అంతకు ముందు చాలా ఏళ్లు మా ఆయన మేస్త్రి పనికి సిమెంటు, ఇసుక మాలు కలిపి అందించాను. ఆయన మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాక, చేతికి తెలిసిన సిమెంటుతోనే ఈ పని మొదలుపెట్టాను. కుండీలు కొన్నవాళ్లు బాల్కనీ కూడా మీరే సర్దిపెట్టండి అనేవారు. అలా ఇళ్లకు వెళ్లడం అలవాటైంది. గోడకు రంగు, కిటికీకి కొత్త పరదా, మూలకు ఒక మొక్క. ఎన్నో ఇళ్లు చూశాను. నేను పనిచేసే తీరును మార్చింది మాత్రం అశోక్‌నగర్‌లో రామ్మోహన్ గారి ఇల్లు.

ఆయన ఫోన్లో చెప్పిన అడ్రసు కాగితం మీద నేనే రాసుకుని వెళ్లాను. అక్షరాలు నేర్చుకుని అప్పటికి రెండేళ్లు. అశోక్‌నగర్‌లో ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ బోర్డే. అన్నీ చదువుకుంటూ నడిచేసరికి ఆలస్యమైంది. రెండో అంతస్తులో తలుపు తీసి ఆయన అలాగే నిలబడి ఉన్నారు.

రామ్మోహన్ గారిది కృష్ణా జిల్లా. చిన్న వయసులో ఇక్కడికి వచ్చి, నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. భార్య పోయాక కూతురు సింధును ఒక్కరే పెంచారు. ఆ అమ్మాయికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. వరంగల్‌లో ట్రైనింగ్ పూర్తయింది. పోస్టింగ్ ఆసిఫాబాద్‌లో. వచ్చే ఆదివారం ఇంటికి వచ్చి, సోమవారం అక్కడికి బయల్దేరాలి.

"అది వెళ్లనంటోందమ్మా," అన్నారాయన. "పోయిన నెల వచ్చి నన్ను చూసింది. అప్పటి నుంచి ఫోన్ చేస్తే ఒకటే మాట. నువ్వొక్కడివీ ఉండలేవు నాన్నా, నేను ఉద్యోగం వదిలేస్తాను అని."

"ఏం చూసింది సార్?"

"సింకు దగ్గర నిలబడి పెరుగన్నం తింటుంటే చూసింది."

నేను ఇల్లంతా ఒకసారి చూశాను. పట్టపగలు పరదాలు మూసి ఉన్నాయి. విప్పని పేపర్లు కుర్చీలో కుప్పగా పడి ఉన్నాయి. సింధు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ అమ్మాయి భయపడిందంటే తప్పు లేదనిపించింది.

"ఆదివారానికి ఇల్లు కళకళలాడాలి," అన్నారు. "బాల్కనీ నిండా పూలుండాలి. నాన్న హుషారుగానే ఉన్నాడు అనుకుని అది బండెక్కాలి. మిమ్మల్ని అడిగినా అదే చెప్పండి."

ఆయన కోరుకున్నవి గుడ్డ కుండీలు. పాత తువ్వాలును పలచటి సిమెంటులో ముంచి, బోర్లించిన బకెట్ మీద కప్పుతాం. ఆరాక బకెట్ తీసేస్తే లంగా కుచ్చిళ్లలాంటి మడతలతో కుండీ నిలబడుతుంది. చూడటానికి అందంగా ఉంటుంది. చేయడం కూడా సులువే. ఆలస్యమంతా క్యూరింగ్‌లో, అంటే తడపడంలో. పచ్చి సిమెంటులోని సున్నం మొక్కల వేళ్లను కాలుస్తుంది. అందుకని కుండీకి తడి గోనె చుట్టి, లోపల నీళ్లు నింపి, రోజూ ఆ నీళ్లు మార్చాలి. ఆ నీళ్లు చేతి వేళ్ల మధ్య సబ్బులా జారుతున్నంతకాలం మట్టి వేయకూడదు. దానికి వారాలు పడుతుంది.

"వారాలా!" అన్నారాయన. "మరైతే ప్లాస్టిక్ పూలు పెడదామా?"

"ఆఫీసర్ అయిన బిడ్డకు ప్లాస్టిక్ పువ్వుకు, అసలు పువ్వుకు ఫరక్ తెల్వదా సార్?"

"పోనీ, నర్సరీ మొక్కల్ని కవర్లతో సహా కుండీల్లో దించేస్తే?"

అలా చేయవచ్చు. చాలా ఇళ్లలో చేశాను కూడా. నాకూ శ్రమ తక్కువ. కానీ ఆ మూసిన పరదాలు చూశాక నోరు ఊరుకోలేదు. "పెట్టొచ్చు సార్. సోమవారం బిడ్డ పోయినంక వాటికి నీళ్లెవరు పోస్తరు?"

"నాకు మొక్కలు అచ్చిరావమ్మా. మా ఆవిడ పెంచిన తులసిని కూడా ఎండబెట్టాను," అన్నారు.

"అట్లయితే మొక్కల సంగతి వదిలేయండ్రి. నాతోని కలిసి కుండీలు చేయండ్రి. ఎన్ని నీళ్లు పోసినా కుండీ సావది."

మర్నాడు మేడ మీద పని పెట్టుకున్నాం. పాత తువ్వాళ్లు కావాలంటే సింధు గదిలోంచి రెండు చేతుల నిండా తెచ్చారు. అందులో ఒకటి బాతు బొమ్మలున్న చిన్నపిల్లల తువ్వాలు.

"ఇది సిమెంటుల ముంచితే మళ్ల రాదు సార్. సోంచాయించుకోండ్రి."

ఆయన దాన్ని మోకాలి మీద పెట్టుకుని, మడతలు సాపు చేస్తూ కూర్చున్నారు. బాతులు వెలిసిపోయి పసుపు మరకల్లా ఉన్నాయి. చివరికి నా చేతికి ఇవ్వకుండా ఆయనే ముంచారు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. నేను అటు తిరిగి సిమెంటు కలిపాను.

ఆయన చేసిన మొదటి కుండీ ఒక పక్కకు ఒరిగిపోయింది. "సార్, ఇది కల్లు దుకాణం కెళ్లి వస్తున్నట్టుంది," అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. తర్వాత చేసినవి బాగా కుదిరాయి. టైపు కొట్టిన వేళ్లు కదా, మడతలన్నీ ఒకే కొలతలో వచ్చాయి. గట్టిపడ్డాక వాటిని బాల్కనీలోకి దించుకున్నాం.

అప్పటి నుంచి ఆయన ఫోన్లు మొదలయ్యాయి. "ఇంకా జారుతున్నాయమ్మా." "గోనె పైన ఎండిపోయింది, ఇప్పుడు తడపనా, సాయంత్రం తడపనా?" పనిలో ఉండి కూడా జవాబు చెప్పేదాన్ని.

నాకు చెప్పకుండా ఒక పని చేశారు. గురువారం వీధిలో చామంతి బండి కనిపించేసరికి ఆగలేక, మొక్కలు కొని ఆ పచ్చి కుండీల్లోనే నాటేశారు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశారు. "అన్నీ తలలు వాల్చేశాయి. తొందరగా రండమ్మా, అది పదింటికల్లా వచ్చేస్తుంది."

వెళ్లేసరికి బాల్కనీలో బనియన్‌తో, మోచేతుల దాకా మట్టితో ఉన్నారు. ఇద్దరం కలిసి చామంతుల్ని పీకి, వేళ్లను మంచినీళ్లలో కడిగి, దొరికిన డబ్బాల్లోకి మార్చడం మొదలుపెట్టాం. మా గాభరాలో రెండు బకెట్లు ఒలికిపోయాయి. కింది అంతస్తు నుంచి సరోజమ్మగారి గొంతు లేచింది.

"రామ్మోహన్ గారూ! నా పట్టుచీర ఆరేసుకున్నాను! మీ బురదంతా దాని మీదే!"

"పట్టుచీర ఎవరైనా ఎండలో ఆరేస్తారా అండీ?" అని ఈయన పైనుంచి అరిచారు.

"నా చీర నా ఇష్టం! ఇన్నాళ్లూ ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలిసేది కాదు. అదే నయం!"

ఈ గొడవ నడుస్తుండగానే సింధు మెట్లెక్కి వచ్చింది. భుజాన బ్యాగు అలాగే ఉంది. నేలంతా నీళ్లు, గోనెసంచులు, వాడిన పూలు. వీటన్నిటి మధ్య రెయిలింగు పట్టుకుని వంగి పోట్లాడుతున్న తండ్రి.

"ఏంటి నాన్నా ఇదంతా?"

"చెప్పులు విప్పకు, కింద సిమెంటు. ఆ బకెట్ ఇలా అందుకో. ఊఁ, తొందరగా," అన్నారాయన, తల తిప్పకుండానే.

ఆ అమ్మాయి బ్యాగు దించి బకెట్ అందించింది.

కాసేపటికి నేను వంటింట్లో చేతులు కడుక్కుంటుంటే పక్కకు వచ్చి నిలబడింది. "ఆంటీ, నాన్న ఎలా ఉంటున్నారు? నిజం చెప్పండి. మీరు చెప్పేదాన్ని బట్టి నేను రేపు వెళ్లడమా, మానడమా."

ఆయన నన్ను కోరింది ఒక్కటే మాట. ఆ మాట అనడానికి నోరు రాలేదు. అబద్ధం చెబితే ఈ పిల్లకు తెలిసిపోతుంది, ఇక ఏదీ నమ్మదు.

"హుషారుగ ఉన్నరని చెప్పమన్నరు బిడ్డా. లేరు. నీ బాతుల తువ్వాలు ముంచేటప్పుడు ఏడ్చిండ్రు. దినాం ఫోన్ చేస్తరు, కుండీల కోసం కొంచెం, మాట్లాడనీకి ఎక్కువ. కానీ పొద్దుగాల లేవంగనే బాల్కనీలకు పోతుండ్రు. పోయిన వారం నేను వచ్చినప్పుడు పరదా కూడా తీయలే. నాకు తెలిసింది గింతే."

సింధు చున్నీతో ముఖం తుడుచుకుంది. అంతలో బాల్కనీ నుంచి కేక వినిపించింది. "సింధూ! సరోజమ్మగారు ఇడ్లీలు ఇస్తారట. గిన్నె పట్టుకుని కిందికి వెళ్లు. చీర సంగతి మాత్రం ఎత్తకు!"

ఇడ్లీలు తెచ్చాక ముగ్గురం బాల్కనీ గడప దగ్గరే కూర్చుని తిన్నాం. ఒరిగిపోయిన కుండీని సింధు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి ఇంకెన్నాళ్లు తడపాలి నాన్నా?"

"ఇంకో రెండు వారాలైనా పడుతుందంటున్నారు."

"అయితే ఆ తర్వాతి శనివారం వస్తాను. అప్పుడు నాటుదాం. నేను వచ్చేదాకా నువ్వు మొక్కల జోలికి వెళ్లొద్దు. చంపేస్తావు."

ఆయనకు అర్థమైంది. "సరే," అన్నారు. ఇంకో ఇడ్లీ తీసి కూతురి పళ్లెంలో వేశారు. కాసేపు అటువైపు చూడలేదు.

సోమవారం సింధు ఆసిఫాబాద్ వెళ్లింది. ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేకపోయారు. మాలు కలుపుతున్న పార పక్కన పెట్టి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. తేరుకున్నాక, "గోనెలు తడిపానమ్మా," అన్నారు.

అప్పటి నుంచి పిల్లలు వెళ్లిపోయిన ఇళ్లకు పూసిన మొక్కలు తీసుకెళ్లడం మానేశాను. పచ్చి కుండీ ఇస్తాను, గోనెసంచి ఇస్తాను, తడిపే పని వాళ్లకే అప్పజెబుతాను. కొందరు విసుక్కుంటారు. అన్నీ తయారుచేసి ఇచ్చేవాళ్లు అంబర్‌పేట్‌లో ఉన్నారంటారు. అయినా చాలామంది రెండో రోజుకే ఏదో ఒకటి అడగడానికి ఫోన్ చేస్తారు. కుండీ గురించి ఒక మాట అడుగుతారు. తర్వాత అమ్మాయి హాస్టల్లో తిండి గురించో, కొడుకు కొత్త కాపురం గురించో చెబుతారు. నేను చేతిలో పని ఆపి వింటాను. కుండీ చేసినంత శ్రద్ధగా ఆ మాటలూ వినాలని నాకు రామ్మోహన్ గారి ఇంట్లోనే తెలిసింది.