ఆమె అనని మాట

ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తి చేసి ఏడాదిగా ఖాళీగా ఉన్నప్పుడు మా పాస్టర్ గారు నాన్నకు ఫోన్ చేశారు. కెనడా నుంచి ఒక అమ్మాయి రెండేళ్ళ సేవకు విజయవాడ వస్తోందట. ఆమె మాటలు తర్జుమా చేయడానికి, ఇంట్లో తోడుగా ఉండడానికి మన బిడ్డ అయితే బాగుంటుందని అడిగారు. మాది హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె. నాన్న కౌలు వ్యవసాయం చేస్తారు. ముప్పై ఏళ్ళుగా మా ఊరి సంఘంలో పెద్ద. దేవుడి పని అనగానే నన్నొక మాట అడగకుండానే సరేనండి అన్నారు. నేనూ సంతోషంగానే వెళ్ళాను. ఇప్పుడు ఆ సంతోషం గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బెంజ్ సర్కిల్ వెనక వీధిలో, మూడో అంతస్తులో మాకు రెండు గదుల ఇల్లు చూశారు. ఆమె నాకంటే ఏడాది చిన్నది. ముక్కు మీద చర్మం ఎండకు పొట్టు రేగి ఎప్పుడూ ఎర్రగా ఉండేది. పొద్దున్నే ఐదింటికి లేచి బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కింద బస్సుల హారన్లు మోగుతున్నా తల ఎత్తకుండా బైబిలు చదువుకునేది. తర్వాత నీళ్ళు మరిగించి చల్లార్చి సీసాల్లో పోసేది. పనిమనిషిని పెట్టుకోనని బాత్రూమ్ కూడా తనే కడిగేది. గోంగూర పచ్చడి మొదటిసారి తిన్నప్పుడు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వేయమంది. ఆదివారం సాయంత్రం వాళ్ళమ్మతో వీడియో కాల్ అయ్యాక గది తలుపు వేసుకునేది. గంట తర్వాత కళ్ళు వాచి బయటకు వచ్చి, టీ పెట్టనా అని నన్ను అడిగేది. ఆమె చెడ్డది కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను రాసేది చదివి అలా అనుకోవడం తేలిక.

రోజూ తొమ్మిదింటికి తెలుగు పాఠం. పది మాటలు కాగితాల మీద రాసి గోడకు అంటించేది. ఫ్యాను గాలికి అవి ఒక్కొక్కటే ఊడి మంచం కిందికి చేరేవి. మొదట్లో బాగా కష్టపడింది. మూడు నెలల తర్వాత పాఠం వారానికి రెండు రోజులైంది, ఆ తర్వాత మానేసింది. "నువ్వున్నావుగా" అని నవ్వేది. నాకూ ఆ మాట బాగుండేది. ఏడాది గడిచేసరికి ఆమెకు వచ్చిన తెలుగు వందనాలండి, బాగున్నారా, అన్నం చాలు.

మధ్యాహ్నం ఆటోలో బయల్దేరి కూటాలకు వెళ్ళేవాళ్ళం. ఇళ్ళలో జరిగే ఆడవాళ్ళ ప్రార్థన కూటాలు. పదిమంది, పన్నెండుమంది, రేకుల కింద చాప పరుచుకుని కూర్చునేవారు. ఆమెను అందరూ సిస్టర్ గారు అని పిలిచేవారు. ఆమె ఒక వాక్యం చెప్పేది, నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆమె ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాలు, పొడిగా ఉండేవి. దేవుడు మంచివాడు. ఆయన మిమ్మల్ని చూస్తున్నాడు. నాకు చిన్నప్పటి నుంచి మా సంఘంలో విన్న ప్రసంగాల నడక వచ్చు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. ఆడవాళ్ళు ముందు ఆమె ముఖం చూసేవారు, కాసేపటికి నా నోటి వైపు తిరిగేవారు. కళ్ళు తుడుచుకునేది నా మాటకే. ఆమె మాత్రం అది తన మాట చేసిన పని అనుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

శుక్రవారం శుక్రవారం ఆమె వాళ్ళ దేశంలోని సంఘానికి ఉత్తరం రాసి మెయిల్ చేసేది. ఒకసారి ఊళ్ళ పేర్ల స్పెల్లింగులు చూడమని ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. అందులో నా గురించి ఒక పేరా ఉంది. చీకట్లో పుట్టిన ఒక పల్లెటూరి పిల్లను దేవుడు తనకు అప్పగించాడని, తన పక్కన ఉంటూ ఆ పిల్ల మెల్లగా వెలుగులోకి వస్తోందని రాసింది. మా నాయనమ్మకు నాయనమ్మ ఏలూరు కాలవలో బాప్తిస్మం తీసుకుంది. నేను పుట్టిన రోజు నుంచి మా ఇంట్లో ప్రార్థన లేకుండా ఎవరూ అన్నం ముట్టలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మా ఇంటికి రెండుసార్లు వచ్చింది, నాన్న ప్రార్థన చేస్తే తల వంచుకుని కూర్చుంది. ఇదేమిటని అడిగితే, అక్కడివాళ్ళకు అర్థమయ్యేలా రాయాలి కదా అంది. తప్పు చేసినట్టు కూడా అనుకోలేదు. నేను స్పెల్లింగులు సరిచేసి ఇచ్చాను.

ఆ రోజు నుంచి నా తర్జుమా మారింది. ఆమె ఒక్క వాక్యం చెబితే నేను మూడు చెప్పడం మొదలుపెట్టాను. ఆమె దేవుడు గొప్పవాడు అంటే, నేను తుఫానును, కోతకొచ్చిన చేను మీద పడ్డ వానను, కడుపుతో ఉన్న కూతురి కోసం ఆస్పత్రి బయట కూర్చున్న తల్లిని కలిపి చెప్పేదాన్ని. చీకట్లో పుట్టిన పిల్ల ఎలా మాట్లాడుతుందో విను అన్నట్టు ఉండేది లోపల. విన్నా ఆమెకు అర్థం కాదు. అదే నా ధైర్యం.

ఇబ్రహీంపట్నంలో మేము వెళ్ళే ఒక ఇల్లు ఉండేది. ఆ ఇంటామె ముప్పై దాటని మనిషి, ఇళ్ళలో పనిచేసేది. భర్త లారీలకు లోడు ఎత్తేవాడు. అతనికి టీబీ అని తేలి రెండు నెలలైంది. ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఇస్తున్నారు, ఆరు నెలలు ఆపకుండా వాడాలన్నారు. ఒక రోజు కూటం అయ్యాక ఆమె భర్తను తీసుకొచ్చి మా ముందు కూర్చోబెట్టింది. మనిషి చొక్కాలో వేలాడుతున్నట్టున్నాడు. మాత్ర పడగానే వాంతి అవుతోందని, అన్నం సహించడం లేదని, మూత్రం ఎర్రగా వస్తుంటే రక్తమేమోనని భయమేస్తోందని ఆమె చెప్పింది. ప్రార్థన చేయమని సిస్టర్ గారిని అడిగింది.

సిస్టర్ అతని తల మీద చెయ్యి పెట్టింది. ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ ఇంగ్లీషులోనే గుర్తున్నాయి. అన్ని రోగాలకన్నా దేవుడు గొప్పవాడు, పూర్తిగా ఆయన మీద ఆనుకో. అంతే అంది. నేను అంత చెప్పి ఆపలేదు. చుట్టూ పన్నెండుమంది ఆడవాళ్ళు, అందరి కళ్ళూ నా మీద ఉన్నాయి, నా గొంతు నాకే ముచ్చటగా వినిపిస్తోంది.

"మాత్రల మీద కాదు తమ్ముడూ, ఆయన మీద ఆనుకో. ఆయన ముట్టిన ఒంటికి ఇంకో మందు ఎందుకు?" అన్నాను.

ఆ నడకలో ఆ మాట దానంతటదే వచ్చింది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. అలా అనేవాళ్ళు కూడా జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్తారని నాకు తెలుసు. అది మాట వరసకు అనే మాట అని నాకు తెలుసు, ఆ ఇంటామెకు తెలియదు. సిస్టర్ కళ్ళు మూసుకుని ఆమెన్ అంది.

నెల తర్వాత వెళ్తే అతను నవ్వుతూ ఎదురొచ్చాడు. ముఖం తేటపడింది. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతానని లేచి నిలబడ్డాడు. ఆకలి వేస్తోందని, వాంతులు పోయాయని, రెండు పూటలా అన్నం తింటున్నానని చెప్పాడు. నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో అంటుంటే సిస్టర్ ముఖం వెలిగిపోయింది. అప్పుడు అతని భార్య కూర్చున్నచోటి నుంచే అంది:

"మీరు చెప్పినట్టే చేశామండి. ఆ రోజే మాత్రలన్నీ మురిక్కాలవలో పారబోశాను. నా చేత్తోనే."

సిస్టర్ నా వైపు తిరిగింది, ఏమంటోంది అన్నట్టు కనుబొమలు ఎత్తింది. రోజూ మాత్ర మింగే మనిషికి పొట్ట సర్దుకోక వాంతులవుతుంటే, మాత్ర మానేస్తే ఆకలి వేయదూ. ఆ సంగతి అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

దేవుడికి కృతజ్ఞతలు చెబుతోంది అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. బయటకు వచ్చేటప్పుడు ఆ ఇంటామెను గుమ్మం దగ్గర పట్టుకుని, ఎందుకైనా మంచిది, ఒకసారి ఆస్పత్రికి వెళ్ళి చూపించుకోండి అని మెల్లగా చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది. లోపల ఒక మాట, బయట ఒక మాట చెప్పే మనిషిని అలాగే చూస్తారు. తర్వాతి వారాల్లో ఫోన్ చేసి మళ్ళీ చెబుదామనుకున్నాను. చేయలేదు. సిస్టర్‌కు చెబుదామనుకున్నాను. అదీ చేయలేదు. అతను బాగానే ఉన్నాడట అని ఎవరో అంటే నమ్మేశాను.

వానాకాలం మధ్యలో అతనికి దగ్గులో రక్తం పడింది. పాస్టర్ గారి ఫోన్ వస్తే ఇద్దరం ఆస్పత్రికి పరుగెత్తాం. వార్డు బయట డాక్టరమ్మ అతని భార్యను నిలబెట్టి అడుగుతోంది, సగంలో మందులు ఎవరు ఆపమన్నారని. కోప్పడి కూడా కాదు, కాగితంలో రాసుకోవడానికి అడిగినట్టు అడిగింది. భార్య మమ్మల్ని చూసి కాస్త ధైర్యం వచ్చినట్టు సిస్టర్ వైపు చెయ్యి చాపింది.

"సిస్టర్ గారే చెప్పారండి."

డాక్టరమ్మ సిస్టర్ వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగేసింది, మందులు ఆపమని చెప్పింది మీరేనా అని. ఇక నా అవసరం లేకపోయింది. సిస్టర్, నేనలా అనలేదు, నేనెప్పుడూ అలా అనను, మా అమ్మ నర్సు అంది. తర్వాత నా వైపు తిరిగి, ఆ రోజు నువ్వేం చెప్పావు అని అడిగింది. అంతా చెప్పాను. సాక్ష్యం రోజు నేను దాచిన వాక్యం కూడా చెప్పాను. "నా నోట్లో ఆ మాట పెట్టడానికి నీకేం హక్కుంది?" అంది.

ఆమె అడిగింది న్యాయం. ఒక్క జవాబు మాత్రం నా నాలుక చివరి దాకా వచ్చింది, ఏడాదిన్నర ఇక్కడ ఉండి నీ పేరు మీద ఏం చెబుతున్నారో వినలేకపోయావే అని. అనలేదు. అనే అర్హత లేదనుకున్నాను. ఇప్పటికీ ఆ రెండూ నా లోపల పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని తగ్గించదు.

మర్నాడు పాస్టర్ గారి గదిలో కూర్చోబెట్టారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తర్జుమాలో పొరపాటు జరిగిందని ఒక కాగితం ఇంగ్లీషులో రాసుకున్నారు. నన్ను ఊరికి వెళ్ళి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. సిస్టర్ కోసం ఇంకొకరిని వెతికారు గానీ దొరకలేదు. ఆమె మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదని తర్వాత విన్నాను. భాష తెలియకుండా వెళ్ళి ఏం మాట్లాడతాను అందట. మిగిలిన నెలలు మిషన్ బడిలో పిల్లలకు ఇంగ్లీషు పాటలు నేర్పి, గడువు పూర్తయ్యాక వెళ్ళిపోయింది. పోయే ముందు నాకు ఫోన్ చేయలేదు. ఒక మెసేజ్ పెట్టింది, నిన్ను క్షమించాను, నీ కోసం ప్రార్థిస్తున్నాను అని. జవాబు ఇవ్వలేదు.

అతను క్రిస్మస్‌కు ముందే పోయాడు. మధ్యలో ఆపేసినందువల్ల ఈసారి మందులు పనిచేయలేదు. సమాధి కార్యక్రమానికి నేను వెళ్ళలేదు, మొహం చెల్లలేదు. నలభై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం బస్సెక్కి ఇబ్రహీంపట్నం వెళ్ళాను. అతని భార్య పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకు సబ్బు వాసన. నన్ను చూసి ఏడవలేదు. చాప వేసింది. నీళ్ళిచ్చింది.

"మా విశ్వాసం చాలలేదేమో చెల్లమ్మా. మా ఆయన మధ్యలో ఒకసారి అనుమానపడ్డాడు, మళ్ళీ మాత్రలు తెచ్చుకుందామా అని. నేనే వద్దన్నాను" అంది.

అది విని ఆగలేకపోయాను. సిస్టర్ గారు ఆ మాట అనలేదని, దేవుడి పేరు పెట్టి చెప్పింది నేనని, వినడానికి బాగుంటుందని అలా అన్నానని, వాళ్ళ విశ్వాసానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. గ్లాసు అంచు తుడుస్తూ కూర్చుంది.

"అయితే మాత్రలు ఏసుకునుంటే బతికేవాడా?"

"బతికేవాడండి."

ఆమె తల ఊపింది. "ఇన్నాళ్ళూ దేవుడి చిత్తం అనుకున్నాను. ఇప్పుడు నా చెయ్యి అంటున్నారు." గ్లాసు పక్కన పెట్టింది. "ఈ మాట మీరు చెప్పకుండా ఉండాల్సింది. పిల్లలొచ్చే టైమైంది. వెళ్ళండి."

వెళ్ళాను. నిజం చెప్పి తేలికపడదామని వెళ్ళి, ఆమెకు మిగిలిన ఆ కాస్త ఆసరా కూడా తీసేసి వచ్చాను. నా మనసు తేలికపడలేదు కూడా.

ఇప్పుడు మా జంక్షన్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. ఆదివారం సంఘానికి వెళ్తాను, వెనక వరుసలో కూర్చుంటాను. అప్పుడప్పుడూ బయటి దేశం నుంచి ఎవరో వస్తారు, తర్జుమా చేయమ్మా అని నాన్నే అడుగుతారు. గొంతు బాగాలేదని చెబుతాను. నాన్నకు ఇబ్రహీంపట్నం సంగతి ఇంకా చెప్పలేదు.