మూడో ఊచ వంగింది

ఆ శనివారం ఉదయం ఏడుంపావుకి, నగరం శివారు యలహంకలో మేం అద్దెకుంటున్న గదిలో ఉన్నవాళ్లు ఇద్దరు: నేను, నా రూమ్మేట్ ఇమ్రాన్. ఉన్న వస్తువులు: తూర్పు వైపు కిటికీ ఒకటి, దానికి లోపల జరిపే గాజు తలుపు, బయట నిలువుగా ఏడు ఇనుప ఊచలు, పక్కకు లాగిన తెల్లటి నూలు తెర, ట్రైపాడ్ మీద కెమెరా. కిటికీ గట్టు మీద ఎడమ నుంచి కుడికి: సగం నీళ్లున్న గాజు గ్లాసు, ఇమ్రాన్ గడ్డం గీసుకునే అద్దం, నా అలర్జీ స్ప్రే సీసా, ఆరేసిన ఒక జత సాక్సు. ఇంత వివరంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్ప కాదు. ఆ ఫొటో ఇంకా నా దగ్గరుంది.

కార్లకు బిగించే కెమెరాల లెన్సుల్ని పరీక్షించడం నా ఉద్యోగం. గళ్ల చార్టును ఫొటో తీసి, తిన్నగా ఉండాల్సిన గీత ఎక్కడ ఎంత వంగిందో కొలుస్తాను. సెలవు రోజుల్లో కిటికీలను ఫొటోలు తీస్తాను. గదికి వెలుతురిచ్చేది కిటికీయే, బొమ్మకు చట్రం కట్టేదీ అదే. బయటి ఎండకు సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెడితే లోపలి మనిషి నీడైపోతాడు. లోపలి మనిషికి సరిపెడితే బయటి వీధి తెల్లగా కరిగిపోతుంది. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో ప్రతిసారీ తేల్చుకోవాలి. నాలుగేళ్లుగా నాకు ఆ పని విసుగు పుట్టలేదు.

వ్యూఫైండర్‌లో నేను ఎడమ కన్ను పెట్టి చూస్తాను. ఆ ఉదయం చూస్తే, మూడో ఊచ నడుమ దగ్గర కొద్దిగా లోపలికి వంగి ఉంది. ఎవరో వేలితో మెత్తగా నొక్కి వదిలినట్టు. కెమెరా పక్కనుంచి చూశాను. తిన్నగానే ఉంది. మళ్లీ కన్ను పెట్టాను. వంగింది.

“ఏందిరా, పొద్దున్నే ఊచలు లెక్కపెడుతుండావు? నిన్న ఏడే, ఈ పొద్దూ ఏడే,” అన్నాడు ఇమ్రాన్ మంచం మీంచి. వాడిది కర్నూలు.

“మూడోది వంగింది.”

“ఓనరుకి చెప్పొద్దు. మనమే వంచినామంటాడు.”

తీసిన ఫొటోను కంప్యూటర్‌లో చూస్తే ఊచ తిన్నగా ఉంది. అంటే లెన్సు మంచిదే. వ్యూఫైండర్‌లోని ప్రిజం కదిలిందని తేల్చుకున్నాను. నా చదువూ నా ఉద్యోగమూ నేర్పింది అదే: గీత వంగితే తప్పు గాజులో ఉంటుంది. కంట్లో ఉండొచ్చని తట్టలేదు. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపూ ఎడమ కంటి తప్పును కుడి కన్ను సర్దేస్తోందని నాకు తెలియదు. అలా పదకొండు రోజులు పోయాయి.

పన్నెండో రోజు కెమెరా పట్టుకుని నగరం నడుమ ఉన్న నగర్తపేట వెళ్లాను. ఇరుకు మెట్లెక్కితే మునిరత్నం అన్న రిపేరు గది. వాళ్ల తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు; ఆయన తెలుగులో కన్నడం కలుస్తుంది. ఆయన కెమెరా విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని పావుగంట చూశాడు.

“ప్రిజం బాగుండాది. అద్దం బాగుండాది. వంకర యాడుండాదప్పా దీంట్లో?”

“చూస్తే ఊచ వంగుతోందన్నా.”

“స్వల్ప ఉండు. కెమెరా ఆడనే పెట్టు. ఇదో, నా కిటికీ చూడు. కుడికన్ను మూసుకో. ఇప్పుడు చెప్పు.”

ఆయన కిటికీకి అడ్డంగా నాలుగు ఊచలున్నాయి. రెండోది అలలా ఉంది. దాని నడుమ లేత బూడిద రంగు బిళ్ల ఒకటి, తడి కాగితం మీద పడ్డ నీడలా. నా చేతిలో కెమెరా లేదు.

“ఇదీ వంగిందన్నా.”

“మరి దీనికి నేనేం స్క్రూ బిగించాల? మంచి కెమెరాని దొంగని చేస్తివే! రిపేరు నీకప్పా, దీనికి కాదు. ఈ పొద్దే పో. రేపనుకోవద్దు.”

కంటి ఆసుపత్రిలో కుడి కన్ను చార్టును చివరిదాకా చదివింది: 6/6. ఎడమ కన్ను మధ్యలోనే ఆగింది: 6/24. బాగున్న కన్ను ఇరవైనాలుగు మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని నా ఎడమ కన్ను ఆరు మీటర్ల దగ్గరికి వస్తే గాని చదవలేదన్న మాట. చుక్కలు వేసి ఓసీటీ అనే స్కాన్ తీశారు. రెటీనా డాక్టరమ్మ తెలుగావిడే. నా ఉద్యోగమేమిటో అడిగి, స్క్రీన్ నా వైపు తిప్పింది.

“రెటీనా అంటే మీ కెమెరాలో సెన్సర్ అనుకోండి. సెన్సర్ కింద నీరు చేరింది. గోడలో చెమ్మ చేరితే పెయింట్ ఉబ్బుతుంది చూడండి, అలా. సెంట్రల్ సీరస్ రెటినోపతీ. మేం సీఎస్ఆర్ అంటాం.”

“చూపు పోతుందా అండీ?”

“చాలామందికి మూడు నాలుగు నెలల్లో నీరు దానంతటదే ఇంకిపోతుంది. బాగా నిద్రపోండి, టెన్షన్ తగ్గించుకోండి. స్టెరాయిడ్స్ ఏమైనా వాడుతున్నారా?”

“లేదండీ,” అన్నాను. మందుల జాబితా టైపు చేసుకుని మరీ వెళ్లాను. అందులో మూడే ఉన్నాయి: వారానికో విటమిన్ డి మాత్ర, ఎప్పుడైనా గ్యాస్ మాత్ర, తలనొప్పి మాత్ర. ఆవిడ చదివి ఫైల్లో పెట్టింది.

మర్నాడు ఎఫ్ఎఫ్ఏ అనే పరీక్ష. చేతి నరంలోకి పసుపుపచ్చ డై ఎక్కించి, అది కంట్లోకి చేరుతుంటే వరసగా ఫొటోలు తీస్తారు. “ఒళ్లు కొంచెం పచ్చబడుతుంది, యూరిన్ రంగు మారుతుంది, గాబరా పడకండి,” అని సిస్టర్ ముందే చెప్పింది. రెండూ జరిగాయి. ఫొటోలో నలుపు మీద ఒక తెల్లటి చుక్క, దాన్నుంచి ఊదుబత్తి పొగలా పైకి లేస్తున్న సన్నటి తెలుపు. “లీక్ అదే,” అంది డాక్టరమ్మ. నా కంటి లోపలి ఫొటో అది. భయపడాల్సిన చోట, ఎంత బాగా వచ్చిందీ అనుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు నేను రెండు గదుల్లో బతికాను. కుడి కన్ను తెరిస్తే ఒక గది, ఎడమ కన్ను తెరిస్తే ఇంకోటి. ఎడమ కంటి గదిలో ప్రతిదీ కాస్త చిన్నది, కాస్త దూరం. గోడకు లేత పసుపు పూసినట్టుండేది. కిటికీలోంచి వచ్చిన ఎండ నేలను తాకకుండా గాల్లోనే ఎక్కడో ఆగిపోయేది. తెర కదిలితే చెరువు అడుగున నాచు కదిలినట్టుండేది. దగ్గర్లోని ఎయిర్ బేస్ నుంచి లేచిన విమానం మూడో ఊచ దగ్గరికి రాగానే మాయమై, అవతల మళ్లీ పుట్టేది. చప్పుడు మాత్రం తెగేది కాదు. మంచం మీద కూర్చుని కుడి కన్ను మూసుకుంటే, వేరే ఎవరి కలలోనో నన్ను కూర్చోబెట్టినట్టుండేది.

కొలవకుండా ఉండలేను కాబట్టి కొలిచాను. రోజూ ఏడుంపావుకి, అదే చోట ట్రైపాడ్ పెట్టి కిటికీని ఫొటో తీసేవాణ్ణి. ఫోన్లోకి ఎక్కించి, ఎడమ కంటికి ఊచలు కనబడ్డ తీరును ఆ ఫొటో మీదే ఎర్ర గీతతో గీసేవాణ్ణి. కొన్నాళ్లకు, ఆ కన్ను చూస్తున్నదాన్ని కెమెరా చేత కూడా చూపించాలనే పట్టుదల వచ్చింది. గాజు తలుపు మూసి, దాని మీద వేలితో నీటి బొట్టు వేసి, బొట్టులోంచి ఊచను తీశాను. కుక్కర్ ఆవిరి పట్టించి తీశాను. బటర్ పేపర్ అంటించి, దాని వెనక ఇమ్రాన్‌ను నిలబెట్టి తీశాను. బొట్టులోంచి తీసినదే నిజానికి దగ్గరగా వచ్చింది. ఆలోచిస్తే రావాల్సిందే. నా కంట్లో ఉన్నదీ నీళ్లే.

“నీ ఎడమ కంట్లో నేనెంతుంటానురా?” అని అడిగాడు ఇమ్రాన్ ఒకరోజు, కిటికీ దగ్గర నిలబడి.

“మామూలు కన్నా బెత్తెడు పొట్టి.”

“మొహం?”

“మొహం ఉండాల్సిన చోట బూడిద బిళ్ల.”

“సుఖపడినావు పో. పొద్దున్నే నా మొహం చూసే బాధ తప్పె.”

నవ్వాను. కానీ నా భయం అదే. ఎడమ కన్ను ఇలాగే ఉండిపోయినా నాకు చూపు పోదు. కుడి కన్నుంది. ఉద్యోగం చేయొచ్చు, బండి నడపొచ్చు. ఫొటో మాత్రం తీయలేను. వ్యూఫైండర్‌కి కుడి కన్ను పెట్టి ప్రయత్నించాను. ఎడమ చేత్తో సంతకం పెట్టినట్టే ఉంది. అంతా సరిగ్గా కనిపిస్తుంది, ఎప్పుడు నొక్కాలో మాత్రం తెలియదు.

మూడో నెల చెకప్‌కి ఆశగా వెళ్లాను. చార్టులో ఇంకో వరస పోయింది: 6/36. స్కాన్‌లో ఉబ్బు పెరిగింది. డాక్టరమ్మ రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టి చూసింది.

“లీక్ మూయడానికి లేజర్ గురించి ఆలోచించాలి. కానీ లీక్ సెంటర్‌కి మరీ దగ్గరగా ఉంది. లేజర్ పడిన చోట చిన్న మచ్చ మిగిలిపోవచ్చు. సరిగ్గా చూపు నిలిపే చోట.”

“వంకర పోతుందా అండీ?”

“ఎంత వంకరుందో ముందు చెప్పండి.”

ఫోన్ తీసి చూపించాను. తొంభై దాకా కిటికీ ఫొటోలు, ఒక్కోదాని మీద ఎర్ర గీతలు. ఆవిడ ఒక్కొక్కటే జరుపుతూ పోయి ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకొచ్చింది.

“ఇదేంటి?”

“మూడో ఊచండీ.”

“ఊచ కాదు. కింద, గట్టు మీద. అన్నిట్లోనూ ఉంది, ఈ తెల్ల సీసా.”

“అదా? అలర్జీకండీ. ఇక్కడి దుమ్ము పడక, ముక్కులో కొట్టుకుంటాను.”

“ఎన్నాళ్లుగా?”

“రెండేళ్లు.”

“రోజూనా?”

“రెండు పూటలా.”

ఆవిడ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. “పేరు పెద్దది చేయండి.”

ఊచలన్నీ పదునుగా రావాలని లెన్సు కంతను f/11కి చిన్నది చేసి తీసిన ఫొటోలు అవి. సీసా మీది అక్షరాలు కూడా పదునుగానే ఉన్నాయి.

“ఇది స్టెరాయిడ్.”

“స్ప్రే కదండీ?”

“స్ప్రేలో ఉన్న స్టెరాయిడ్. మొదటి రోజే అడిగాను, లేదన్నారు.”

నేను అబద్ధం చెప్పలేదు. ఆ సీసాను మందుగా నేనెప్పుడూ లెక్కపెట్టలేదు, అంతే. పళ్లు తోముకున్నాక ముక్కులో కొట్టుకోవడం అలవాటైపోయింది. నా జాబితాలో టూత్‌పేస్టు లేనట్టే అదీ లేదు.

“ఇదే కారణమని గట్టిగా చెప్పలేను,” అంది డాక్టరమ్మ. “కానీ ఇది నడుస్తుండగా లేజర్ వేయడమంటే, పైన ట్యాంకు కారుతుంటే కింద గోడకు పెయింట్ వేసినట్టే. ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లి దీన్ని మార్పించుకోండి. ఆరు వారాలు చూద్దాం.”

ఈఎన్‌టీ డాక్టర్ స్టెరాయిడ్ లేని మాత్ర ఇచ్చి, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమన్నాడు. ఆ ఆరు వారాలూ తుమ్ములే తుమ్ములు. ట్రైపాడ్ కాలు తన్ని ఒకసారి కెమెరానే పడేయబోయాను. “నువ్వు తుమ్మితే మిగతా ఆరు ఊచలూ వంగుతాయిరా,” అని ఇమ్రాన్ కెమెరాను పట్టుకుని నిలబడేవాడు.

ఆరో వారం స్కాన్‌లో ఉబ్బు సగమైంది. డాక్టరమ్మ లేజర్ మాట ఎత్తలేదు. “ఇంకా చూద్దాం,” అంది. మూడో ఊచ ఒక్కరోజులో తిన్నగా కాలేదు. పెన్సిల్‌తో గీసిన గీతను ఎవరో రోజుకు కొంచెం చెరిపి దిద్దుతున్నట్టు, నా ఎర్ర గీతలు ఊచలకు దగ్గరవుతూ వచ్చాయి. బూడిద బిళ్ల పలచబడింది. విమానం ఏడు ఊచలూ దాటిపోయింది, మధ్యలో మాయం కాకుండా. ఆ ఉదయం సంతోషం వేసింది. ఒక విషయం చెప్పడానికి సిగ్గేస్తోంది: ఆ నీటి గది ఇక రాదని కొంచెం దిగులూ వేసింది. తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ స్కాన్ చూసి, “డ్రై,” అంది. ఆ ఒక్క మాటే.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. లేజర్ అవసరం రాలేదు. రెండు కళ్లనూ విడివిడిగా మూసి చూస్తే, ఎడమ కంటికి తెలుపు ఇప్పటికీ పాత కాగితంలా ఉంటుంది. మసక వెలుతురులో సన్నటి గీత దగ్గర కొంచెం తడబడుతుంది. అయినా వ్యూఫైండర్‌కి మళ్లీ ఆ కన్నే పెడుతున్నాను. మొన్న ఆదివారం దేవనహళ్ళి కోటకు వెళ్లాం. గోడలోని సన్నటి కంతకు అవతల ఇమ్రాన్‌ను నిలబెట్టి, ఆటో ఫోకస్ ఆపేసి, చేత్తో తిప్పి వాడి కనురెప్పల వెంట్రుకల మీద ఫోకస్ నిలిపాను. “ఎండకు మాడిపోతుండానురా, నొక్కు!” అని అరిచాడు. నొక్కాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా ఉన్నాయి.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మందుల జాబితాను గుర్తు తెచ్చుకుని రాయకండి. మనకు మందుగా తోచనిది మన జాబితాలోకి రాదు. మీ మంచం పక్క బల్ల, బాత్రూమ్ అర, కిటికీ గట్టు, హ్యాండ్‌బ్యాగు లోపలి భాగం ఫొటో తీసి, పూసుకునేవీ పీల్చుకునేవీ ముక్కులో కొట్టుకునేవీ అన్నీ కనబడేలా డాక్టర్‌కి చూపించండి. ఏది ఆపాలో వాళ్లనే చెప్పనివ్వండి, మీ అంతట మీరు ఆపకండి.

గత నెల చెకప్‌లో ఎడమ కన్ను: 6/9.