రోడ్డు మ్యాపులో ఎర్రచుక్క

విజయనగరంలో మా వార్తల వెబ్‌సైట్ ఆఫీసు ఒక మందుల షాపు మీద మేడలో ఉండేది. అంకెల్ని బొమ్మలుగా మార్చడం నా పని. రాసిన వార్తను ఎవరూ చివరిదాకా చదవడం లేదని, వేలు పెట్టి కదిపే బొమ్మైతే కాసేపు ఆగుతున్నారని పైవాళ్లకు తెలిశాకే నాకు అక్కడ కుర్చీ దొరికింది.

నేను మొదట చేసిన పెద్ద పని గజపతినగరం రోడ్డు మ్యాపు. ప్రమాదంలో మనిషి పోయిన ప్రతిచోటా ఒక ఎర్రచుక్క. దానిమీద వేలు పెడితే ఆ మనిషి ఫొటో పైకి లేచి పెద్దదవుతుంది. కింద రెండు వాక్యాలుంటాయి, ఎవరో, ఆ రోజు ఎక్కడికి బయల్దేరారో. ఆ వాక్యాలన్నీ తెచ్చింది మా గజపతినగరం విలేకరి. యాభై దాటిన మనిషి. పోలీసులు చెప్పిన దాంతో సరిపెట్టుకోకుండా ఇంటింటికీ వెళ్లి, వాళ్లు ఏడ్చినంతసేపూ కూర్చుని, ఫొటో అడిగి తెచ్చేవాడు. మలుపుల్లో లైట్లు లేవని, వెనకదీపాల్లేని ట్రాక్టర్లు రోడ్డు మీదే ఆపుతున్నారని చూసేవాళ్ల కంటికి తగలాలని మా ఇద్దరి ఆశ.

బాగుందిగానీ జనం నిలవడం లేదన్నాడు మా డెస్క్ ఇన్‌చార్జి. దాన్ని ఆటగా మార్చమన్నాడు. ఈ ఏడాది మీ దారిలో ఎంతమంది పోయారో చెప్పండి చూద్దాం అని ముందే అడగాలి. చూసేవాడు తెరమీద గుండీని జరిపి ఒక అంకె దగ్గర ఆపాలి. సరిపోతే గెలిచినట్టు తెరనిండా రంగుకాగితాలు రాలాలి. నేను చెయ్యనన్నాను. విశాఖపట్నంలో ఇంకెవరితోనో చేయించి నా మ్యాపు ముందు తగిలించాడు. జనం విరగబడ్డారు. సరిగ్గా చెప్పినవాళ్లు దాన్ని స్టేటస్‌లో పెట్టుకున్నారు.

వానలు మొదలైన రోజుల్లో విలేకరి తమ్ముడు విజయనగరంలో పని చూసుకుని బైకు మీద ఇంటికొస్తూ, రోడ్డు మీద ఆపిన ట్రాక్టరును గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు.

మర్నాడు ఇన్‌చార్జి నన్ను పిలిచి, చుక్క త్వరగా పెట్టమన్నాడు. మనవాడి ఇంట్లో మనిషే కాబట్టి ఫొటోకి ఇబ్బంది ఉండదని, నవ్వుతున్నదైతే మేలని చెప్పాడు. నాకు ఫోన్ చెయ్యబుద్ధి కాలేదు. విలేకరే చేశాడు. వెనకాల ఆడవాళ్ల ఏడుపు వినబడుతోంది.

"ఫొటో పంపినాను సూడమ్మా. సుక్క నువ్వే ఎట్టు, ఇంకెవులి సేతా ఎట్టించకు." పెట్టేసే ముందు అడిగాడు. "ఆ కాయితాలు రాలడం ఆపించగలవేటి?"

చుక్క నేనే పెట్టి, వెళ్లి ఇన్‌చార్జిని అడిగాను.

"ఇన్నాళ్లూ అందరి చావులకీ రాలాయి కదా. ఆయన తమ్ముడు పోతే ఎందుకాపాలి?" అన్నాడు.

అందరికీ ఆపేద్దామన్నాను. ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

పెద్దకర్మకి వెళ్లాను. భోజనాల బంతిలో ఆ ఇంటికి అల్లుడి వరసయ్యే ఒకాయన ఫోన్ తీసి పక్కవాళ్లకి ఆట చూపిస్తున్నాడు. మనోడు కొత్తగా చేరాడు కాబట్టి ఒకటి ఎక్కువేసుకోవాలని చెప్పి గుండీ జరిపాడు. సరిపోయింది. తెరనిండా రంగుకాగితాలు రాలాయి, ఈల మోగింది. అటునుంచి పప్పు వడ్డించుకుంటూ వస్తున్న విలేకరి గరిటెతో ఆగిపోయాడు. ఆ అల్లుడి విస్తట్లోనూ పప్పు వేసి ముందుకెళ్లాడు.

ఆ తర్వాత ఆయన మాకు వార్తలు పంపలేదు. పోలీసుల వాట్సాప్ గ్రూపు చాలన్నాడు ఇన్‌చార్జి. కొత్త చుక్కల కింద వయసు, బండి రకం తప్ప ఇంకేమీ ఉండేవి కావు. పాఠకుల్ని కట్టిపడెయ్యడం ఎలాగో ఒక సభలో మాట్లాడి ఇన్‌చార్జి శాలువా కప్పించుకొచ్చాడు. కొన్నాళ్లకి జనానికి ఆట పాతబడింది. మ్యాపు మొత్తం తీసేయించి అక్కడ క్రికెట్ ఆట పెట్టించాడు.

అప్పుడొచ్చింది విలేకరి తమ్ముడి భార్య ఫోను.

"ఆ బొమ్మేటైపోనాది మేడం?"

భర్త ఫోను బైకు కింద నుజ్జయిపోయిందట, ఫొటోలన్నీ దాంతోనే పోయాయట. ఇంట్లో పనయ్యాక రోజూ ఆ చుక్క మీద వేలు పెట్టుకునేదట. నా దగ్గరున్న ఫొటో వాట్సాప్‌లో పంపాను. మళ్లీ ఫోన్ చేసింది.

"ఇది లెగట్లేదు. అందులో ఏలెడితే లెగిసి దగ్గరికొచ్చీవోడు."

ఆ చుక్క ఉన్న పేజీ ఒక్కటైనా మళ్లీ పెట్టమని ఇన్‌చార్జిని అడిగాను. చూసేవాళ్లు లేని పేజీలు ఉంచితే సైటు బరువెక్కుతుందన్నాడు.

"ఒకావిడ రోజూ చూస్తోందండీ."

"ఒక్కర్తే కదా."

కుదరదన్నారని ఆమెకి చెప్పాను. సరే మేడం అని ఫోన్ పెట్టేసింది.