యూసుఫ్ సాబ్ కంప్యూటరు వెనక ఆకుపచ్చ మూట

2006 జులై. పాతబస్తీ ఛత్తాబజార్‌లో ఒక మహాయుగం ముగిసిన వైనం చెప్పబోతున్నాను. సముద్రాల అవతలున్న ఒక పెద్ద కంపెనీకీ, ఇవతలున్న ఒక పెళ్లికార్డుల ప్రెస్సుకూ మధ్య జరిగిన పోరు ఇది. నిజం చెప్పాలంటే పోరేమీ లేదు. ఈ ప్రెస్సు ఒకటుందని ఆ కంపెనీకి తెలియదు. మధ్యలో ఉన్నది నేనొక్కణ్ణే, అదీ స్క్రూడ్రైవరు పట్టుకుని.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. యాకుత్‌పురాలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పని. ఆ నెలలోనే విండోస్ 98కి సపోర్టు ఆగిపోయింది. సపోర్టు అంటే, కంప్యూటరును నడిపించే ఆ సాఫ్ట్‌వేరులో ఏదైనా లోపం బయటపడితే కంపెనీ దాన్ని సరిచేసి పంపడం. ఎనిమిదేళ్లు పంపారు, ఇక చాలన్నారు. అంతే. నడుస్తున్న కంప్యూటరు దానంతటది ఆగిపోదు. ఈ "అంతే"ని వివరిస్తూ ఆ నెలంతా చాలా చోట్ల టీ తాగాను.

ప్రెస్సు యజమాని ఖలీల్ భాయ్ కబురు పెడితే వెళ్లాను. చేతిలో మడిచిన పేపరుంది.

"చూసినవా శ్రీనూ? పేపర్ల వచ్చింది. తొంభై ఎనిమిది ఖతం."

"ఖతం కాలే భాయ్. సపోర్ట్ బంద్ అయింది, గంతే."

"మరి నా కంప్యూటర్‌ని రోజు పొద్దుగాల ఎవడు ఆపుతున్నడు? నెల సంది గిదే లొల్లి. ఆన్ చేస్తే నల్లగయి ఆగిపోతది. కంపెనీవాళ్ల పనే."

"మీ కంప్యూటర్‌కు ఇంటర్నెట్టే లేదు భాయ్. వాళ్లెట్ల ఆపుతరు?"

"అంత పెద్ద కంపెనీ. వాళ్లకు వైరెందుకు?"

నేను నవ్వి, సపోర్టు గురించి పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఆ నల్ల తెర మీద ఏం రాసి ఉంటోందో మాత్రం అడగలేదు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి.

ఆ కంప్యూటరు ముందు కూర్చునేది యూసుఫ్ సాబ్. అరవై దాటిన మనిషి. చేత్తో ఉర్దూ అందంగా రాసే పని ఆయనది. ముప్పై ఏళ్లు కలంతో పెళ్లికార్డులు రాశారు. తొంభైల చివర్లో ప్రెస్సులోకి కంప్యూటరు వచ్చి ఆ కలాన్ని పక్కన పెట్టించింది. యాభై దాటాక రెండు వేళ్లతో కీబోర్డు నేర్చుకున్నారు. ఉర్దూ అక్షరాలు బడిపిల్లల్లా వరసలో నిలబడవు. ఒకదాని భుజం మీద ఒకటి వాలుతూ కిందికి జారతాయి. మామూలు ఫాంట్లకు అది చేతకాక, ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా ఒక సాఫ్ట్‌వేరు తెప్పించారు. యూసుఫ్ సాబ్‌కు వచ్చింది అదొక్కటే.

ఖలీల్ భాయ్ అప్పటికే విండోస్ ఎక్స్‌పీ ఉన్న కొత్త కంప్యూటరు కొనేశాడు. రంజాన్ లోపు పెళ్లిళ్లు చేసేయాలని అందరూ తొందరపడే రోజులు. పదకొండు కార్డులు కంపోజింగ్ కోసం కాచుకుని ఉన్నాయి. యూసుఫ్ సాబ్ కుర్చీ జరిపి నాకు చోటిచ్చారు.

"బేటా, కొత్తదాంట్ల నా అక్షరాలు వస్తయా?"

"వస్తయి సాబ్. ఫికర్ చేయకండి."

పాత కంప్యూటరు వెనక్కి వంగితే ఒక చిన్న ఆకుపచ్చ మూట కనిపించింది. మఖమల్ గుడ్డ, చుట్టూ నల్లదారం. పాతబస్తీలో ఇవి మాకు కొత్త కాదు. ఒకచోట మానిటరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉంటాయి, ఇంకోచోట సీపీయూకు తావీజు, అంటే తాయెత్తు. అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను: దారం కట్టినదాని జోలికి పోకూడదు, తప్పకపోతే మర్యాదగా తీయాలి. చెప్పులు విడిచి, రెండు చేతులతో పట్టుకుని లాగాను. కొంచెం మొరాయించి వచ్చింది. అడుగున ఏముందో చూడటం పద్ధతి కాదని చూడకుండానే పై అరలో అగరుబత్తుల పక్కన పెట్టాను. నా సంస్కారానికి నాకే ముచ్చటేసింది.

కొత్త కంప్యూటరులో ఉర్దూ సాఫ్ట్‌వేరు ఎక్కించాను. తెరిస్తే "కీ దొరకలేదు" అంది. తప్పు ఎక్స్‌పీదే అనుకుని ఢిల్లీకి ఫోన్ చేశాను. ఆ పాత వెర్షనుకు సపోర్టు ఎప్పుడో ఆపేశామనీ, ఎక్స్‌పీ మీద అది నడవదనీ, కొత్తది కొనుక్కోవాలనీ, అందులో కీబోర్డు అమరిక కూడా వేరనీ చెప్పారు.

ఖలీల్ భాయ్ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు, "కొత్తది నేర్చినోళ్లు బయట మస్తుమంది ఉన్నరట."

"ఒకపారి కలం బంద్ అయింది," అన్నారు యూసుఫ్ సాబ్. "ఇప్పుడు కీబోర్డ్ బంద్."

ఎవరికైనా కళ్లు చెమర్చాల్సిన ఘట్టం. ఆయన మాత్రం, "జర ఆ ఫ్యాన్ ఇటు తిప్పు బేటా," అన్నారు.

ఫ్యాను తిప్పి, పాత కంప్యూటరే మళ్లీ కలిపాను. నేను వెనక వైర్లు సర్దుతుండగానే యూసుఫ్ సాబ్ దాన్ని ఆన్ చేశారు. అందులోనూ "కీ దొరకలేదు". నిన్నటిదాకా నడిచింది ఇదే. సముద్రాల అవతలి కంపెనీ చేయలేని పనిని నేను మధ్యాహ్నం భోజనంలోపు చేసేశాను. మళ్లీ ఢిల్లీకి ఫోన్ చేస్తే, "డాంగిల్ పోయిందా? ఆ మోడల్‌కు ఇంకోటి ఇవ్వం," అన్నారు. డాంగిల్ అంటే అగ్గిపెట్టెంత తాళం. కంప్యూటరు వెనక ప్రింటరు పోర్టుకు తగిలిస్తేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది, దొంగ కాపీలు నడవకుండా. పోర్టు చూస్తే ఖాళీ. ప్రెస్సులో ఉన్న సొరుగులన్నీ వెతికాను. నా చొక్కా తడిసిపోయింది. ఆ ముక్క దొరక్కపోతే యూసుఫ్ సాబ్ రేపటి నుంచి ఇంట్లోనే ఉంటారు.

అప్పుడడిగారాయన, "ఎనక ఉండే నా మూట ఏది బేటా?"

"తావీజ్ పైన పెట్టిన సాబ్. చెప్పులు ఇడిచే ముట్టుకున్న."

ఆయన నా కాళ్ల వైపు చూశారు. "చెప్పులెందుకు ఇడిచినవ్?"

మూట దింపి దారం విప్పారు. లోపల డాంగిల్. దాని స్క్రూలు విరిగిపోతే, వదులై ఊడకుండా కార్డు డబ్బాలకు అంటించే మఖమల్ ముక్క చుట్టి కట్టారట.

"నా తావీజ్ నా మెడల ఉన్నది. కంప్యూటర్‌కెందుకు?"

ఖలీల్ భాయ్ గొంతు సవరించుకున్నాడు. "నేను గూడ తావీజే అనుకున్న."

తగిలించగానే పాత కంప్యూటరులో సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. యూసుఫ్ సాబ్ కుర్చీ లాక్కుని, రెండు వేళ్లతో ఎవరో పెళ్లికొడుకు పేరు కొట్టడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్. "శ్రీనూ, కంపెనీవాళ్లు మళ్ల ఆపిండ్రు."

వెళ్లి, మొదటిసారి ఆ నల్ల తెర మీది అక్షరాలు చదివాను. లోపల మదర్‌బోర్డు మీదుండే చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోయింది, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కమని ఉంది. యూసుఫ్ సాబ్ వచ్చి ఎఫ్1 నొక్కారు. కంప్యూటరు నడిచింది.

"మీకు తెలుసా సాబ్?"

"నెల సంది అదే నొక్కుతున్న. నన్నెవరడిగిండ్రు?"

పదకొండు కార్డులూ రంజాన్ లోపే అచ్చయ్యాయి. మూడేళ్లయింది; ఆ కంప్యూటరు ముందు ఇప్పటికీ యూసుఫ్ సాబే కూర్చుంటున్నారు. కొత్తదాంట్లో ఖలీల్ భాయ్ పేకాట ఆడుకుంటున్నాడు. కంపెనీలు ఎవరిని ఎన్నాళ్లు చూసుకుంటాయో నాకు తెలియదు గానీ, ఆనాటి నుంచి నేను ఏ షాపుకు వెళ్లినా ముందు యజమానిని కాదు, కుర్చీలో కూర్చునే మనిషిని అడుగుతాను, తెర మీద ఏం రాసి ఉందని. ఇందులో గొప్ప తత్వం దొరుకుతుందేమోనని చాలా ఆలోచించాను. దొరికింది ఒక్కటే. మదర్‌బోర్డు మీది ఆ గుండ్రటి సెల్లును నాలుగైదేళ్లకోసారి మార్చాలి, అక్షరాలున్న వైపు పైకి రావాలి.