ఒటీలియమ్మ మాత్రలు, నా సాక్ష్యం

ఒటీలియమ్మ ఇరవై మూడేళ్లు మా సాన్ ఇసిద్రో ఊరి లైబ్రరీ చూసుకుంది. లైబ్రరీ అంటే పెద్దదేం కాదు, బజారు వెనక రెండు గదులు. చిరిగిన పుస్తకాలకు మైదా జిగురు కాచి అట్టలు వేసేది. ఆమె శాలువా ఎప్పుడూ ఆ జిగురు వాసనే. బజారులో అమ్ముకునే మా ఆడవాళ్ల పిల్లలందరూ ఆ గదుల్లోనే పెరిగారు. పెళ్లి ఊసెత్తితే, "వీళ్ల ముక్కులు తుడవడానికే పొద్దు చాలట్లేదు, ఇంక మొగుడికి తీరికెక్కడిదే!" అని నవ్వేది. అలాంటి మనిషి ఇవాళ బజారు మెట్ల మీద నూలు ఉండలు అమ్ముకుంటోంది. కారణం నేనే. నా నోరు పడిపోను!

గాలులకు తాళాలు వేసే పిల్ల కథలు మా ఊరొచ్చిన ఏడాది అది. ఎవరో పరాయి దేశపు రచయిత రాశాడట, లోకమంతా చదువుతోందట. మా పాస్టరు అబ్దియాస్ గారు మాత్రం ఒక్క పేజీ తిప్పకుండానే అవి మంత్రగత్తెల పాఠాలని తేల్చేశారు. "ఆ పుస్తకం ఇంట్లో ఉంటే సైతానుకు కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టే!" అనేవారు. మేం ఆమెన్ అనేవాళ్లం. నిజం చెబుతున్నా, అప్పటికే అందులో రెండో భాగం, ఒటీలియమ్మ లైబ్రరీ నుంచి ఇచ్చిందే, మా ఇంట్లో ఉంది. నాకు చదువు రాదు. రేపటి అమ్మకానికి ఆవిరి మీద ఉడికించే చుచీతోల పిండిని మొక్కజొన్న ఆకుల్లో చుడుతుంటే, మా పన్నెండేళ్ల దమారిస్ పైకి చదివేది. ఆ కథ నాకెంత నచ్చిందో! "ఇంకొక్క పేజీ చదవవే" అని నేనే బతిమాలేదాన్ని.

అంతలో దానికి జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులైనా తగ్గలేదు. "గాలి తలుపు తియ్యమ్మా, తలుపు తియ్యి" అని పలవరిస్తుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. కబురు విని ఒటీలియమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నావే, మొద్దుదానా!" అని నన్ను తిట్టి, పిల్లను శాలువాలో చుట్టి ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకెళ్లింది. టైఫాయిడ్ అన్నారు. అక్కడ మాత్రలు లేకపోతే, తనే బస్సెక్కి షేలా పట్నం వెళ్లి కొనుక్కొచ్చింది.

"పద్నాలుగు రోజులు వెయ్యాలి హెర్లిందా. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపావో, నీ వీపు చీరేస్తా!"

ఆ రోజే మొదటి మాత్ర వేశాను. ఆ రోజే, భయం పట్టలేక, పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేశాను. నాలుగో రోజుకు జ్వరం దిగింది.

మా చర్చిలో మేలు జరిగినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. అందులో మందుల మాట ఎత్తకూడదు. ఎత్తితే మహిమంతా మందుల షాపుకు పోతుందని మావాళ్ల పట్టింపు. ఆ ఆదివారం నేను మైకు పట్టుకుని పుస్తకం కాల్చానని చెప్పాను, జ్వరం పోయిందని చెప్పాను. మధ్యలోది మింగేశాను. హల్లెలూయాలతో రేకుల కప్పు అదిరిపోయింది. అంతకుముందు నా మాట విన్నదెవరు గనక! ఒళ్లు పొంగిపోయింది.

"ఆ పుస్తకం ఇచ్చిందెవరు చెల్లెమ్మా?" అన్నారు పాస్టరు గారు.

చెప్పేశాను, పేరుతో సహా.

మర్నాడే ఆమెను తీసెయ్యాలని సంఘమంతా మున్సిపాలిటీ ముందు కూర్చుంది. ఎన్నికలు దగ్గరపడ్డాయి, మేయరుకు భయం. ఒటీలియమ్మ చేతిలోంచి తాళాలు లాక్కున్నారు. పుస్తకాలు చర్చి ముందు పోగేసి తగలబెట్టారు. ఆమె అట్టలు వేసిన లెక్కల పుస్తకాలూ, వంటల పుస్తకాలూ అందులోనే కాలిపోయాయి.

"మాత్రల సంగతి చెప్పలేదేంటమ్మా?" అంది దమారిస్.

"సాక్ష్యంలో చెప్పకూడదే."

"ఇంకొక్క పేజీ అని అడిగింది నువ్వే కదా? అదీ చెప్పకూడదా?"

తర్వాత అది నాతో మాట్లాడటం మానేసింది. రెండు వారాలు నాకు ముద్ద దిగలేదు.

మా చర్చి లౌడ్‌స్పీకర్లు వీధివైపు ఉంటాయి. ఎదురిల్లే ఒటీలియమ్మది. ఆమెకు వినబడాలనే మూడో ఆదివారం మళ్లీ మైకు అడిగాను.

"నా బిడ్డకు నయమైంది మాత్రలతో. అవి తెచ్చింది ఒటీలియమ్మ. పుస్తకం ఏ పాపమూ చెయ్యలేదు" అన్నాను.

ఒక్క ఆమెన్ లేదు. పాస్టరు గారు నవ్వుతూ మైకు అందుకున్నారు. "చూశారా దేవుని కార్యం! మంత్రగత్తె చేత్తోనే ఈ చెల్లెమ్మ బిడ్డకు మందు తెప్పించాడు! ఆమెన్ అనండి!"

అందరూ అరిచారు. "నువ్వూ అను చెల్లెమ్మా" అని మైకు నా నోటికి ఆనించారు. అన్ని కళ్లూ నా మీదే ఉన్నాయి.

ఆమెన్ అన్నాను.

మర్నాడు ఒటీలియమ్మ ఎప్పటిలాగే నా గంప దగ్గరకొచ్చి రెండు చుచీతోలు అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను, తలెత్తలేదు.

"పద్నాలుగు రోజులూ వేశావా? మధ్యలో ఆపలేదు కదా?"

"మొత్తం వేశానమ్మా."

"మంచిది" అని పక్కనే కూర్చుంది. "నిన్న మైకులో నీ గొంతు బొంగురుగా వినిపించింది. నీకూ జ్వరం తగల్లేదు కదా?" అంటూ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.