పిండి డబ్బాలో విజిల్

సాయంత్రం భోజనానికి కూర్చోగానే ఫోన్ మోగిందంటే అది క్రెడిట్ కార్డు వాళ్ళేనని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. చుట్టాలెవరూ ఆ వేళకి చెయ్యరు. అయినా సరే, మోగుతున్న ఫోన్‌ని వదిలేసే గుణం కెనడా తూర్పు కొసన ఉన్న మా కేప్ బ్రెటన్ దీవి వాళ్ళకి లేదు. బొగ్గు గని నడిచిన రోజుల్లో ఫోన్ మోగితే గుండె ఝల్లుమనేది, లోపల ఎవరికి ఏమైందోనని. గని మూతపడినా ఆ అలవాటు పోలేదు. అందుకని నోట్లోది నములుతూనే లేచి వెళ్ళి ఎత్తుతాం. అవతల ఎవరో తియ్యటి గొంతుతో, మన పేరు సగం తప్పుగా పలికి, ప్రత్యేకమైన కార్డుకి మనల్ని ఎంపిక చేశామని చెబుతారు. మన చేపల కూర చల్లారిపోతుంది.

ఆ కోపం తీర్చుకోవడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. కొందరు ఠక్కున పెట్టేస్తారు. మా ఆయన ఫోన్‌ని రేడియో పక్కన పెట్టి వచ్చి తింటూ కూర్చుంటాడు. ఎఫీ బూటిలియర్ మాత్రం విజిల్ ఊదేది.

ఎఫీ నా స్నేహితురాలు. ఇద్దరం చేపల ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర నిలబడి కాడ్ చేపలు కోసినవాళ్ళం. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది, కళ్ళు సరిగ్గా ఆనవు. భర్త వాలీ పోయాక ఒక్కతే ఉంటుంది. వాలీ ఉన్నన్నాళ్ళూ ఐస్ రింకులో పిల్లల హాకీ ఆటలకి రెఫరీగా ఉండేవాడు. అతని ఇత్తడి విజిల్ ఎఫీ వంటింట్లో ఫోన్ పక్కన మేకుకి వేలాడుతుండేది.

దాని పని ఎలా ఉండేదంటే, కార్డు వాళ్ళు ఫోన్ చెయ్యగానే ఎఫీ గొంతు తేనెలా మారిపోయేది. "అయ్యో, కార్డా తల్లీ? ఉండమ్మా, కళ్ళజోడు తెచ్చుకుంటా" అనేది. కాసేపు ఊరుకునేది. మళ్ళీ వచ్చి, "నాకు సరిగ్గా వినపడదమ్మా, నువ్వూ కాస్త చెవి దగ్గరగా పెట్టుకో" అనేది. అంతే, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊదు! పిలిచిన సంఖ్యల మీద చుక్కలు పెట్టే ఆట, బింగో, ఆడుకునే హాల్లో ఈ కథ చెబుతుంటే మేమందరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవాళ్ళం.

"ఈసారి ఎవడే?" అనేదాన్ని నేను.

"ఎవడో కాదు, ఎవత్తో. కుర్చీలోంచి పడుంటుంది" అనేది ఎఫీ, బింగో కాగితాలు సర్దుకుంటూ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. గని పోయాక మా ఊరికి వచ్చిన పని కూడా అదే. పాత కిరాణా కొట్టు భవనంలో కాల్ సెంటర్ పెట్టారు. ఊళ్ళో సగం మంది పిల్లలు అక్కడే చేరి, చెవికి ఫోన్ తగిలించుకుని క్రెడిట్ కార్డులే అమ్మేవాళ్ళు. కార్డు ఫోన్లని తిట్టుకుంటూ, కార్డు ఫోన్లు చేసే పిల్లలకి మధ్యాహ్నం డబ్బా కట్టిచ్చేవాళ్ళం. ఈ రెండూ ఒకటేనని మాకెవరికీ తోచలేదు. మన పిల్లలు ఫోన్ చేసేది అంటారియో వాళ్ళకి, ఆ పడమటి వాళ్ళకి. మనకి చేసేది వేరే ఊరి వాళ్ళు. ఫోన్లు కలిపే మిషన్ మన దీవి నంబర్లు తియ్యదని ఎవరో అన్నారు. అది అందరం నమ్మాం.

ఎఫీ పక్కింటి రోండా పెట్రీ కూడా అక్కడే పనిచేసేది. ముప్పై దాటిన పిల్ల, నెమ్మదస్తురాలు. తల్లి పోయినప్పటి నుంచి ఎఫీయే దానికి దిక్కు, ఎఫీకి అదే దిక్కు. మంచు పడితే తన వాకిలి కంటే ముందు ఎఫీ వాకిలి ఊడ్చేది. ఆఫీసులో దాని పేరు విక్టోరియా, ఫోన్లో గొంతు కూడా పట్నం వాళ్ళలా మార్చేది. ఆ పేరు వింటేనే ఎఫీకి నవ్వు. "మహారాణీగారు వస్తున్నారు, లేచి నిలబడండే" అని ఏడిపించేది.

ఒక మార్చి నెలలో రోండా బింగోకి రాలేదు. దాని పిన్ని వచ్చి చెప్పింది. మంగళవారం సాయంత్రం పనిలో ఉండగా ఎవరో చెవిలో విజిల్ ఊదారట. ఎడమ చెవిలో ఒకటే హోరు, తల తిరుగుడు. లేచి నిలబడితే గోడ పట్టుకోవాలి. డాక్టరు తగ్గొచ్చు అన్నాడట, తగ్గకపోవచ్చు అని కూడా అన్నాడట.

"ఎవత్తో దరిద్రపుది. దాని చేతులు పడిపోను" అంది పిన్ని.

నేను ఎఫీ వైపు చూశాను. ఎఫీ రంగు పెన్ను మూత తీస్తోంది. మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. ఆ రోజు దాని కాగితం మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

కారులో ఇంటికి తీసుకొస్తుంటే అడిగాను. "మంగళవారం నీకు ఫోన్ వచ్చిందా?"

"వచ్చింది."

"ఊదావా?"

"ఊదాను." కాసేపు కిటికీలోంచి చూసింది. "జెనీవ్, ఆ పిల్ల నా పేరు అడిగి ఆగిపోయిందే. ఏమీ మాట్లాడలేదు. నేను కళ్ళజోడు అన్నాను, సరేనంది. ఎప్పుడూ తొందరపెడతారు కదా వాళ్ళు? ఈ పిల్ల ఆగింది. చెవి దగ్గరగా పెట్టుకోమన్నాను, పెట్టుకుంది."

"దేశంలో ఎన్ని కాల్ సెంటర్లు లేవు? విజిళ్ళు ఇంకెవరికీ లేవా?" అన్నాను. నిజంగా నాకూ అలాగే అనుకోవాలని ఉంది.

"అవునవును. ఎంతమంది లేరు!" అంది ఎఫీ గబగబా. కానీ మర్నాడు నేను వెళ్ళేసరికి మేకుకి విజిల్ లేదు.

మా ఊళ్ళో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇరుగుపొరుగు వంటలు పంపడం మామూలే. ఒకటి పంపుతారు, రెండు పంపుతారు. ఎఫీ ఆపలేదు. చేపల వడలు, బెల్లం పాకం రొట్టె, ఓట్స్ బిస్కెట్లు, మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె, మళ్ళీ చేపల వడలు. గుమ్మంలోనే ఇచ్చేసి, "ఎలా ఉందమ్మడూ" అని అడిగి, జవాబు వినకుండానే వెనక్కి వచ్చేసేది. వినడానికే భయం దానికి.

"ఏమే, ఆ పిల్లకి పోయింది చెవా, పొట్టా?" అన్నాను ఒకరోజు. నవ్వలేదు. పిండి డబ్బా మూత తీసి చూపించింది. అందులో ఒక ప్లాస్టిక్ సంచిలో వాలీ విజిల్ ఉంది. దాని పక్కన మెరుస్తున్న కొత్త క్రెడిట్ కార్డు.

"ఇదెక్కడిదే?"

"వారం కిందట ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. పాపం, దగ్గుతున్నాడు. వద్దనడానికి నోరు రాలేదు."

"దీంతో ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. విజిల్ పారేద్దామంటే వాలీది. ఇది పారేద్దామంటే ఆ దగ్గే అబ్బాయిది." డబ్బా మూత పెట్టేసి కుర్చీలో కూలబడింది. "జెనీవ్, ఆ పిల్లకి చెబితే మళ్ళీ నా గుమ్మం తొక్కదే. చెప్పకపోతే, అది నా వాకిలి ఊడుస్తుంటే నేను కిటికీలోంచి ఎలా చూడను?"

"నిన్న ఊడ్చిందా?"

"ఊడ్చింది. మధ్యలో ఆగి, పార పట్టుకుని నిలబడిపోయింది, కళ్ళు తిరిగి. నేను కర్టెన్ వెనకే నిలబడ్డాను." అప్పుడు ఏడ్చింది. వాలీ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు.

మర్నాడు నన్ను తోడు రమ్మంది. చేతిలో పుల్లటి రూబార్బ్ కాడలు కూరి కాల్చిన పై రొట్టె ఉంది, వేడిది, తువ్వాల్లో చుట్టి. రోండా తలుపు తీసి మా ఇద్దర్నీ చూసి, "దేవుడా, ఇంకోటా! ఫ్రిజ్‌లో చోటు లేదు ఆంటీ" అంది. వంటింట్లోకి వెళ్ళాం. ఎఫీ కోటు విప్పలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తెచ్చిన పైని బల్ల మీద పెట్టింది.

"రోండా, ఆ విజిల్ ఊదింది నేనే."

రోండా కెటిల్ ఆపు చేసింది. "తెలుసు" అంది.

ఎఫీ నా వైపు చూసింది, నేను చెప్పానేమోనని. నేను తల అడ్డంగా ఊపాను.

"స్క్రీన్ మీద నీ పేరే పడింది కదా ఆంటీ. మిషన్ మన నంబర్లు తియ్యదంటారు, తీసింది. నవ్వొచ్చింది నాకు. నేనే అని చెబుదామంటే ఫోన్లన్నీ రికార్డు చేస్తారు, సొంత మాటలు మాట్లాడకూడదు. కళ్ళజోడు తెచ్చుకుంటానన్నావు. నీకు కళ్ళు ఆనవు కదా, పాపం వెతుక్కుంటోందేమో, వచ్చాక మెల్లిగా 'వద్దని పెట్టెయ్ ఆంటీ' అని గుసగుసగా చెబుదామనుకున్నాను. నువ్వు తిరిగొచ్చింది వినపడాలని సౌండు పెంచుకున్నాను."

ఎఫీ తువ్వాలు మడత విప్పి మళ్ళీ సర్దింది.

"ఆ విజిల్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు" అంది రోండా. "వాలీ అంకుల్ దాంతోనే నాకు స్కేటింగ్ నేర్పించాడు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే? నన్ను ఎందుకు తిట్టలేదు?"

"చెబితే బిస్కెట్లు మానేస్తావని." నేను నవ్వబోయి ఆగాను, రోండా నవ్వడం లేదు. "కోపం రాలేదనుకోకు ఆంటీ. వచ్చింది. ఇప్పుడూ ఉంది. రాత్రి దిండు మీద తల పెడితే చెవిలో కుయ్యిమంటుంది, అప్పుడు ఇంకా ఎక్కువ వస్తుంది."

"నువ్వని తెలిస్తే నేను..."

"తెలుసు, నేనని తెలిస్తే ఊదేదానివి కాదు. అదే నాకు మింగుడు పడటం లేదు. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరం కూర్చునే ఉంటాం కదా. నేను కాకపోతే నా పక్క కుర్చీలో పిల్ల."

ఎఫీ తల దించుకుని కోటు గుండీ తిప్పుతోంది. నాకు కూడా తల ఎత్తాలనిపించలేదు. బింగో హాల్లో అందరికంటే గట్టిగా నవ్విన గొంతు నాదే మరి.

చివరికి రోండాయే కత్తి తెచ్చి పైని కోసింది. మూడు ముక్కలు పళ్ళేల్లో పెట్టింది. "తినండి, చల్లారిపోతుంది" అంది. క్షమించానని అనలేదు. ఎఫీ కూడా అడగలేదు. కోటుతోనే కూర్చుని తిన్నాం. వెళ్ళేటప్పుడు రోండా, "విజిల్ పారెయ్యకు" అంది. అంతే.

రోండా మళ్ళీ ఆ పనికి వెళ్ళలేదు. హోరు తగ్గింది గానీ పోలేదు. ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకదు. ఎఫీ ఇప్పుడు కార్డు ఫోన్లు వస్తే "వద్దమ్మా, భోజనం చేశావా?" అంటుంది. అవతల వాళ్ళు ముందు పెట్టేసేవరకు తను పెట్టదు. మా ఆయన కూడా ఫోన్ రేడియో పక్కన పెట్టడం మానేశాడు, నేను మాన్పించాను.

ఎండలు వచ్చాక రోండా మళ్ళీ బింగోకి వచ్చింది. మా హాల్లో ఎవరి కుర్చీ వాళ్ళది. ఎఫీది గోడవార హీటర్ పక్కది. అది అదృష్టం కుర్చీ అని వాలీ బతికున్నప్పటి నుంచి ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. బిషప్‌గారు వచ్చినా లేవనంది ఒకసారి. ఆ రోజు ఎఫీ తన కుర్చీ దాటి నడిచి, కాగితాలు తీసుకెళ్ళి రోండాకి ఎడమ పక్కన కూర్చుంది. హాలంతా చూసింది.

"ఏం ఎఫీ, సింహాసనం అమ్మేశావా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మామూలుగా అయితే ఎఫీ ఆ మనిషి తాతముత్తాతల్ని లేపేది. ఈసారి వెనక్కి తిరగలేదు.

సంఖ్యలు పిలవడం మొదలైంది. పిలిచిన ప్రతి సంఖ్యనీ ఎఫీ రోండా వైపు వంగి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది, మెల్లిగా, మెత్తగా.

"కుడి చెవి బాగానే ఉంది ఆంటీ. నాకు వినిపిస్తోంది."

"వినిపించనీ" అంది ఎఫీ. తర్వాత సంఖ్య కూడా చెప్పింది.

రోండా కాసేపు చూసి, ఎఫీ కాగితం వైపు వేలు చూపించింది. "చూడు, నీ ముప్పై నాలుగు పోయింది. చుక్క పెట్టుకోలేదు."

"పోనీలే" అంది ఎఫీ, కాగితం వైపు చూడకుండానే.