తూర్పు గేటు చూపించిన యాప్

మా తమ్ముడు పనిచేసే మందుల ఫ్యాక్టరీలోకి సొంత ఫోన్లు తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర లాకర్లో పెట్టి పోవాలి. లోపల షిఫ్టుకొక ఫోను ఇస్తారు, నిప్పురవ్వ పుట్టని రకం. వాడి షిఫ్టులో అది వాడి జేబులోనే ఉండేది. అందులోని యాప్ చేసింది నేను. గ్యాసు లీకైతే గాలివాటాన్ని బట్టి ఏ గేటుకు పరుగెత్తాలో చెప్పడం దాని పని.

యాప్‌లో రెండు ముక్కలున్నాయి. ప్రమాద సంకేతం అందుకునేది, ఫోను మీద నేరుగా నడిచే నేటివ్ కోడ్. గేటు పేరు తెరమీద చూపించేది, యాప్ లోపల తెరుచుకునే వెబ్ పేజీలోని జావాస్క్రిప్ట్ ఫంక్షన్. మొదటిది రెండోదాన్ని పిలవాలి, రెండోది చూపించానని బదులివ్వాలి. ఆఫీసులో ఎప్పుడు పిలిచినా పలికింది. అక్కడ ఫోను మా చేతిలో వెలుగుతూనే ఉంటుంది కదా మరి.

ఆ రోజు ఫ్యాక్టరీకి దగ్గర్లోనే, కాజీపల్లిలోని మా కిరాయి ఇంట్లో కూర్చుని పని చేసుకుంటున్నాను. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. వాడి దగ్గరున్న షిఫ్టు ఫోను నుంచి నా లాప్‌టాప్‌కు ఒక్క వరుస వచ్చింది: ఫంక్షన్‌ను పిలిచాను, పడమటి గేటు. బదులు మాత్రం రాలేదు. పిలుపు అందకపోతే అందలేదనైనా చెప్పి చావదు, అదీ దాని పాడుబుద్ధి.

అప్పుడు తట్టింది. గ్లవ్స్ తగిలి ఏదేదో నొక్కుకుంటుందని షిఫ్టు వాళ్లు ఫోను లాక్ చేసి, పాలిథీన్ కవర్లో చుట్టి జేబులో వేసుకుంటారు. తెర ఆరిపోతే పేజీ నిద్రపోతుంది. ఫోను వణికిందని వాడు తీసి చూస్తే కనపడేది, నిన్న పరీక్షకని మేం పంపిన తూర్పు గేటే. మా డాబా మీద ఆరేసిన చీరలు తూర్పుకే ఎగురుతున్నాయి. గ్యాసు కూడా అటే పోతుంది.

షిఫ్టు ఫోనుకు కాల్స్ పోవు. లాకర్లో మోగుతుందని తెలిసీ వాడి సొంత ఫోనుకు మళ్లీ మళ్లీ చేశాను. స్కూటీ తాళం ఒక పట్టాన దొరకలేదు. దారిలో వాసనేమీ లేకపోయినా గొంతు మండినట్టే అనిపించింది. చచ్చేంత భయం వేసింది.

పడమటి గేటు బయట మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. అక్కడి సేఫ్టీ ఆఫీసర్ నన్ను చూసి, "పరేషాన్ గాకుండ్రి మేడం, ఉత్త మాక్ డ్రిల్లే" అన్నాడు. నేను గోడకు ఆనుకున్నాను. గుంపులో మా వాడు లేడు.

కాసేపటికి తూర్పు వైపు నుంచి ప్రహరీ చుట్టూ తిరిగి ఒక్కడే వచ్చాడు, చేతిలో కవరు చుట్టిన ఫోను.

"అటెందుకు పోయినవురా?" అని అరిచాను.

"పైన గాలి ఎటో సూపే సంచి తూర్పుకు ఎగురుతుంటే సూసి అందరు ఇటు ఉరికిండ్రక్కా. నాకు గూడ కనబడ్డది. కని యాప్ తూర్పన్నది." వాడు నవ్వుతున్నాడు. "మా అక్క చేసింది తప్పెట్ల అయితది అనుకున్న."